ఎక్స్‌బాక్స్‌కి పెద్దకర్మ కార్డు చేశాను, అత్తారింట్లో ఎవరూ మాట్లాడట్లేదు

ఈసారి ఉత్తరం రాసిన తమ్ముడు పేరు వేయొద్దన్నాడు. హైదరాబాద్‌లో ఉద్యోగం, అత్తారిది తణుకు దగ్గర పల్లెటూరు, అంతవరకు రాయొచ్చన్నాడు. నాలుగు పేజీలు పంపాడు, అందులో రెండు పేజీలు ఏ గేమ్ మెషీన్‌కి ఎన్ని టెరాఫ్లాప్స్ (మెషీన్ స్పీడు లెక్క) అన్న గోలే, అవి పక్కన పెట్టి మిగతా కథ చెప్తా.

ఇతనికి సోనీ వాళ్ళ గేమ్ మెషీన్ పీఎస్5 ఉంది, బామ్మర్దికి మైక్రోసాఫ్ట్ వాళ్ళ ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్ ఉంది. 2021లో సెకండ్ వేవ్ టైమ్‌లో కజిన్సూ ఫ్రెండ్సూ ఓ పన్నెండు మంది కలిసి వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నారు, నాలుగేళ్ళుగా అందులో వీళ్ళిద్దరిదే సందడి. బామ్మర్ది పీఎస్5ని వైఫై రూటర్ అంటాడు, ఇతను సిరీస్ ఎస్‌ని బొమ్మ వాషింగ్ మెషీన్ అంటాడు. "మన హైదరాబాద్ పబ్లిక్ స్కూల్లో చదివిన సత్య నాదెళ్ల నడిపే కంపెనీ బావా, తెలుగోడివై ఉండి జపాన్ వాళ్ళకి భజనేంటి" అని అతను, "ముందు మీవాళ్ళని తమ మెషీన్‌కే దొరికే ఒక్క మంచి ఎక్స్‌క్లూజివ్ గేమ్ తియ్యమను" అని ఇతను. ఇలా రోజూ.

2025 అక్టోబర్ 25, నాగుల చవితి. హేలో గేమ్ పీఎస్5కి కూడా వస్తోందని అమెరికాలో అనౌన్స్ చేశారు, మనకి తెల్లారేసరికి తెలిసింది. తెలియనివాళ్ళకి ఒక ముక్క: 2001లో మొదటి ఎక్స్‌బాక్స్‌తో పాటే వచ్చిన గేమ్ అది, ఆ బ్రాండ్‌కి మొహం లాంటిది, సోనీ గడప అప్పటివరకు తొక్కలేదు. ఇంట్లోవాళ్ళు పుట్టలో పాలు పోసి వచ్చేలోపు మనవాడు ఫోన్‌లో ఒక కార్డు తయారు చేశాడు. పెద్దకర్మ ఆహ్వానం. ప్రెస్‌లో కొట్టించినట్టే ఉంది (నాకూ పంపాడు, చూశా). ఎక్స్‌బాక్స్ ఫొటోకి దండ, పక్కన దీపం, "కీర్తిశేషులు ఎక్స్‌బాక్స్ గారు, 2001 - 2025", కింద "విందు: గేమ్ పాస్ వారి సౌజన్యంతో" (గేమ్ పాస్ అంటే ఎక్స్‌బాక్స్ వాళ్ళ నెలవారీ చందా). ఆ కింద కర్మకర్త అని బామ్మర్ది పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, పెళ్ళిలో తీసిన పట్టుపంచె ఫొటో.

గ్రూపంతా పడీ పడీ నవ్వింది. బామ్మర్ది చూశాడు, ఏమీ అనలేదు, సాయంత్రానికి గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. ఎవడో అతితెలివి గాడు ఆ కార్డుని తీసుకెళ్ళి ఫ్యామిలీ గ్రూపులో పడేశాడు. అత్తయ్యగారు చూశారు. ఆ రాత్రే బామ్మర్ది అక్కకి ఫోన్ చేసి "బావ పీఎస్5 కొలీగ్ దగ్గర సెకండ్ హ్యాండ్, పద్దెనిమిది వేలు అన్నాడు కదా, అది కొత్తది అక్కా, 49,990, బిల్లు నా మెయిల్‌లోనే ఉంది" అని ఫార్వర్డ్ చేసి పెట్టేశాడు. ఇంకో వారానికి ఇతనికి ఇంకోటి తెలిసింది, బామ్మర్దికి బెంగళూరులో సెప్టెంబర్‌లోనే ఉద్యోగం పోయిందట, ఇంట్లో అక్కకి తప్ప ఎవరికీ చెప్పలేదట.

ఇప్పుడు అత్తయ్య ఫోన్ ఎత్తట్లేదు, భార్య అవసరానికి మించి మాట్లాడట్లేదు, బామ్మర్ది సంక్రాంతికి ఇంటికి రానంటున్నాడు. తమ్ముడి ప్రశ్నలు మూడు. "నేను చెప్పింది ఫ్యాక్టే కదా అన్నా, ఫ్యాక్ట్‌కి సారీ ఎందుకు చెప్పాలి? పండక్కి వెళ్ళాలా మానాలా? మా ఆవిడ పీఎస్5 అమ్మెయ్యమంటోంది, అమ్మెయ్యనా?"

తమ్ముడూ, ఎక్స్‌బాక్స్ ఓడిపోయింది, చచ్చిపోయింది అంటున్నావ్ కదా, ముందు ఆ ఫ్యాక్ట్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే అది తేలకుండా నువ్వు మిగతాది వినవని నీ రెండు పేజీలు చూస్తేనే తెలుస్తోంది.

సగం కరెక్టే నువ్వు. 2013లో ఎక్స్‌బాక్స్ వన్ వచ్చేటప్పుడు రోజుకోసారి నెట్‌కి కనెక్ట్ అవ్వాలి, పాత డిస్కులు ఇష్టమొచ్చినట్టు ఇచ్చిపుచ్చుకోవడానికి లేదు అని వాళ్ళే తలనొప్పి తెచ్చుకున్నారు, పైగా సోనీ 399 డాలర్లంటే వీళ్ళు 499 అన్నారు. జనం తిట్టిన తిట్లకి నెల తిరక్కుండానే రూల్స్ వెనక్కి తీసుకున్నారు గానీ జరగాల్సిన డ్యామేజ్ జరిగిపోయింది. ఆ జెనరేషన్‌లో ఓడిపోవడమే అన్నిటికంటే పెద్ద దెబ్బ, జనం డిజిటల్‌గా గేములు కొనిపెట్టుకోవడం మొదలెట్టింది అప్పుడే అని అప్పటి ఎక్స్‌బాక్స్ పెద్దాయన ఫిల్ స్పెన్సరే 2023లో ఒప్పుకున్నాడు. కాబట్టి మీ బామ్మర్దిది ఓడిన పార్టీ అంటే అది వాళ్ళ నాయకుడే చెప్పిన మాట, నువ్వు కొత్తగా కనిపెట్టిందేం లేదు.

కానీ "చచ్చిపోయింది" అన్నావే, అది మాత్రం తప్పు. 2023 అక్టోబర్‌లో 68.7 బిలియన్ డాలర్ల డీల్‌లో యాక్టివిజన్ అనే గేమ్ కంపెనీని కొనేసిన కంపెనీకి నువ్వు పెద్దకర్మ భోజనాలు పెట్టడమేంటి? వాళ్ళు పెట్టె అమ్మే పద్ధతి నుంచి ఎక్కడ పెట్టె ఉంటే అక్కడ గేమ్ అమ్మే పద్ధతికి మారుతున్నారు, అంతే. 2024లో నాలుగు గేములు బయటి కంపెనీల కన్సోల్స్‌కి (గేమ్ మెషీన్లకి) ఇస్తామన్నారు, 2025 ఏప్రిల్‌లో వాళ్ళ కార్ల గేమ్ ఫోర్జా హొరైజన్ 5 పీఎస్5కి వచ్చింది. నీ ఉత్తరం రెండో పేజీ చివర్లో నువ్వే రాశావ్, "ఫోర్జా కొన్నా అన్నా, గ్రాఫిక్స్ మామూలుగా లేవు" అని. అది ఓపెన్ చేసినప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్ అడిగి ఉంటుంది, బుద్ధిగా క్రియేట్ చేసుకునే ఉంటావ్. అంటే ఒకే సంవత్సరంలో నువ్వు ఆ కంపెనీకి డబ్బులూ కట్టావ్, కర్మా చేశావ్.

సేల్స్ నంబర్ల గురించి కూడా ఒక్క మాట చెప్పి వదిలేస్తా. మైక్రోసాఫ్ట్ ఎన్ని మెషీన్లు అమ్మిందో చెప్పడం 2015లోనే మానేసింది, నెలకి ఎంతమంది ఆడుతున్నారు అన్న లెక్క మొదలెట్టింది. సోనీ చెప్పేదేమో షాపులకి పంపిన లెక్క. సినిమా రిలీజైన మర్నాడు ఒకడు గ్రాస్ పోస్టర్ వేస్తే ఇంకొకడు షేర్ లెక్కలు తీసుకొచ్చి కొట్టుకుంటారు చూడు, మీరిద్దరూ నాలుగేళ్ళు చేసింది అదే. మీ బామ్మర్ది చెప్పే 12 టెరాఫ్లాప్స్ అదే కంపెనీ పెద్ద మోడల్ సిరీస్ ఎక్స్‌ది, అతని దగ్గరున్న ఎస్‌ది 4, నీ పీఎస్5ది 10.28. నిజమే. అయితే ఏంటి? ఆ నంబర్ నీ కళ్ళకి ఎప్పుడైనా కనపడిందా, ఆడేటప్పుడు?

ఇంకో సంగతి, మీరు తిట్టుకునే తిట్లు కూడా మీ సొంతం కాదు. నింటెండో చెయ్యలేనిది మా మెషీన్ చేస్తుందని తొంభైల్లో అమెరికాలో సెగా అనే గేమ్ కంపెనీ, పోటీ కంపెనీ నింటెండో పేరు పెట్టి మరీ యాడ్స్ వేసింది. 2013లో ఎక్స్‌బాక్స్ ఇరుక్కుపోయిన టైమ్‌లో, పాత గేమ్ ఫ్రెండ్‌కి ఎలా ఇవ్వాలి అని సోనీ ఒక బుల్లి వీడియో వదిలింది, ఒకాయన డిస్క్ బాక్స్ ఇంకొకాయన చేతిలో పెడతాడు, వీడియో అయిపోతుంది. ప్రపంచమంతా నవ్వింది, నేనూ నవ్వా. ఆ వెక్కిరింపుని కంపెనీలు వ్యాపారానికి వాడుకున్నాయి, మనం చుట్టాల మీద వాడుకుంటున్నాం.

నేను సెగా మనిషిని, చెప్పేస్తున్నా. మా పెదనాన్న కొడుకు మస్కట్ నుంచి సెగా వాళ్ళ మెషీన్ మెగా డ్రైవ్ తెచ్చాడు, మా క్లాసులో ఇంకొకడికి వాళ్ళ బాబాయ్ సింగపూర్ నుంచి నింటెండో తెచ్చాడు. అంతకుముందు వాడూ నేనూ ఒకే టీవీ ముందు కూర్చుని పసుప్పచ్చ గేమ్ క్యాసెట్లు ఊది ఊది పెట్టి 9999 ఇన్ 1 ఆడుకున్నవాళ్ళమే, అప్పుడు మెషీన్ ఎవడు చేశాడో కూడా మాకు తెలీదు. టెన్త్‌లో సెగా వాళ్ళ హీరో సోనిక్ గొప్పా నింటెండో వాళ్ళ హీరో మారియో గొప్పా అని మొదలై వాడు నా సోనిక్‌ని ముళ్ళపంది అన్నాడని (ముళ్ళపంది లాంటిదే, తర్వాత చూసుకున్నా) కాంపాస్ బాక్స్ విసిరా, కనుబొమ్మ దగ్గర తగిలి రెండు కుట్లు పడ్డాయి. మాటల్లేవు. 2001 జనవరిలో సెగా కన్సోల్స్ చెయ్యడమే మానేస్తున్నాం అని చెప్పేసింది, ఆ ఏడు చివరికి సోనిక్ వెళ్ళి నింటెండో మెషీన్ మీదే ఆడుతున్నాడు. 2007లో మారియో, సోనిక్ కలిసి ఒలింపిక్స్ ఆడే గేమే వచ్చింది, ఒక ఎయిర్‌పోర్ట్ షాపులో ఆ డబ్బా చూసి అక్కడే నిలబడిపోయా. వాడు ఇంటర్‌కి కాకినాడ వెళ్ళాడన్నంత వరకే నాకు తెలుసు.

సరే, నీ కథకి వద్దాం. నీ మీద ముగ్గురికి కోపం ఉంది, ముగ్గురిదీ ఒకే కోపం అనుకుంటున్నావ్ నువ్వు, "ఒక మీమ్‌కి ఇంత సీనా" అని రాశావ్. కాదు.

మీ అత్తయ్యగారికి ఎక్స్‌బాక్స్ అంటే ఏంటో తెలీదు. ఆవిడ చూసింది కార్తీక మాసంలో, భర్త కళ్ళెదురుగా తిరుగుతుండగా, కొడుకు పేరు కర్మకర్త అని రాసి ఉన్న కార్డు. ఒక్క సెకను ఆగి ఆ ఫోన్ ఆవిడ చేతిలో ఉన్నట్టు ఊహించుకో. ఆవిడకి ఇది జోక్ అని అర్థమయ్యేలోపు గుండె ఎన్నిసార్లు జారిందో. నువ్వు ఇప్పుడు ఫోన్ చేసి "అది గేమ్ మెషీన్ అత్తయ్యా, మీరనుకున్నది కాదు" అని వివరిస్తే ఆవిడకి సాకులా వినిపిస్తుంది. మీ ఆవిడతో చెప్పించావనుకో, ఆ అమ్మాయే నీ మీద మండిపడుతోంది, నీ తరఫున వకాల్తా ఏం పుచ్చుకుంటుంది. ఫోన్ ఎత్తట్లేదు కాబట్టి ఒక ఆదివారం బస్సెక్కి వెళ్ళొచ్చు, లేదా మామయ్యగారికి చేసి ఫోన్ ఇవ్వమనొచ్చు. మొదటిదానికి ఒక రోజు పోతుంది, కానీ అల్లుడు పండక్కి ముందే తప్పు ఒప్పుకోడానికి ఒక్కడే వచ్చాడంటే ఆ ఇంట్లో దాని లెక్క వేరు. ఏదైనా సరే, మాట మాత్రం చిన్నది, "బుద్ధి లేక చేశాను అత్తయ్యా". ఆవిడ తిడితే తిట్టించుకో. బహుశా అన్నం పెట్టి మరీ తిడతారు.

మీ ఆవిడ సంగతి. ఇందులో బామ్మర్ది చేసిన నేరమేంటో నాకు అర్థం కాలేదు, అబద్ధం ఆడింది నువ్వు. 49,990 వస్తువుని పద్దెనిమిది వేలు అన్నావ్, మూడేళ్ళు అలాగే నడిపావ్, ఈ మూడేళ్ళలో ఆవిడ ఏదైనా కొందామంటే "ఇప్పుడొద్దులే, ఖర్చులున్నాయి" అని ఎన్నిసార్లన్నావో ఆవిడ ఇప్పుడు కూర్చుని లెక్కేసుకుంటోంది, అదీ అసలు మంట. అమ్మేస్తే? సెకండ్ హ్యాండ్‌లో ఈసారి నిజంగానే పద్దెనిమిది వేలకి పోయినా పోతుంది, నీ అబద్ధం నిజమవుతుంది, అంతకుమించి ఏం జరగదు. పైగా రేపు ప్రతి గొడవలో "నీకోసం పీఎస్5 అమ్మేశా" అని నువ్వే తీస్తావ్, నాకు మగాళ్ళ సంగతి తెలుసు. అమ్మకుండా ఉంచుకుంటే ఆ టీవీ కింద అది కనపడ్డప్పుడల్లా ఆవిడకి ఆ 32 వేల తేడా కనపడుతుంది, అది కూడా తెలిసి ఉంచుకో. నాకైతే మధ్యలో ఒక దారి కనిపిస్తోంది, ఇలాంటివి ఇంకేం దాచావో (స్టోర్‌లో కొన్న డిజిటల్ గేములు, పీఎస్ ప్లస్ సబ్‌స్క్రిప్షన్, ఆ రెండో కంట్రోలర్) అన్నీ ఒక కాగితం మీద రాసి ఇచ్చెయ్, ఇచ్చాక ఉంచాలా అమ్మాలా ఆవిడనే చెప్పమను. అప్పటికీ అమ్మమంటే అమ్మాల్సిందే. నాకు తెలిసి అనదు, కానీ పందెం కాయను.

ఇక బామ్మర్ది. నీ ఉత్తరంలో నువ్వు ఒకే ఒక్క వాక్యంలో దాటేసిన విషయం ఉంది, అది చదివి నేను చాలాసేపు అక్కడే ఆగిపోయా. "మా ఆవిడకి తెలీకూడదని వాడి అకౌంట్‌లో బుక్ చేయించా" అన్నావ్. 2022 వేసవిలో ఈ దేశంలో పీఎస్5 బుక్ చెయ్యడమంటే ఏంటో నాకు గుర్తుంది తమ్ముడూ, ప్రీఆర్డర్ తెరిస్తే నిమిషాల్లో స్టాక్ అయిపోయేది, జనం రెండు ఫోన్లూ ల్యాప్‌టాప్పూ పెట్టుకుని రిఫ్రెష్ కొట్టేవాళ్ళు. అంటే గ్రూపులో నీ సోనీని రోజూ ఉతికి ఆరేసే ఎక్స్‌బాక్స్ ఫ్యాన్, ఆఫీసు టైమ్‌లో కూర్చుని, నీకోసం పీఎస్5 బుక్ చేశాడు. చేసి మూడేళ్ళు సొంత అక్క దగ్గర కూడా నోరు మెదపలేదు. అతను ఏ పార్టీయో అప్పుడే తెలిసిపోయింది కదా.

అతని సిరీస్ ఎస్ మొదటి జీతాలతో కొన్నది, 34,990 అని నువ్వే రాశావ్. ఇంత కొట్లాట ఎందుకొస్తుందో అందులోనే ఉంది. రెండూ కొనగలిగినవాడు కొట్లాడడు, రెండూ ఆడుకుంటాడు. ఒక్కటే కొనగలిగినవాడు నేను కొన్నదే కరెక్ట్ అని రోజూ తనకి తాను చెప్పుకోవాలి, నీదీ అదే బాధ, కాకపోతే నీకు ఉద్యోగం ఉంది. ఉద్యోగం పోయి ఇంట్లో చెప్పలేక రూమ్‌లో ఒక్కడే కూర్చున్నవాడికి, తన సొంత సంపాదనతో కొన్న మొదటి వస్తువుకి దండేసి దీపం పెట్టి, దానికి కర్మ చేసేది నువ్వే అని పంపావ్. నీకు తెలీదు, ఒప్పుకుంటా. తెలీక తొక్కినా కాలు నొప్పి కాలు నొప్పే.

ఏం చెయ్యొచ్చు? ఏమీ చెయ్యకుండా పండగ దాకా ఆగొచ్చు, పెద్దవాళ్ళు కలిపేస్తారులే అని. మీ మామయ్యగారు కలుపుతారు కూడా, కానీ అప్పుడు అతను నీతో మాట్లాడేది వాళ్ళ నాన్న కోసం. అసలు రాకపోతే, అల్లుడు వచ్చాడు కొడుకు రాలేదు అన్న పండగ ఆ ఇంట్లో నీ మూలంగా జరుగుతుంది. నువ్వు మానేసి అతన్ని వెళ్ళమంటే మీ ఆవిడ పండగ పోతుంది.

గ్రూపులో సారీ పెట్టొచ్చు. కార్డు పదిమందిలో పడింది కాబట్టి పదిమందిలో ఒక మాట పడాలి, అది న్యాయం. కానీ అతనే గ్రూపులో లేడు, ఎవరికి చెప్తున్నావ్? పైగా నువ్వు రెండు లైన్లు రాసేలోపు ఒకడు "బావ సరెండర్" అని స్టిక్కర్ వేస్తాడు. నేనైతే వరస మారుస్తా, ముందు అతనికి విడిగా చెప్పి, తర్వాత గ్రూపులో "ఆ కార్డు నేను చెయ్యకూడదు, ఎవరి దగ్గరున్నా డిలీట్ చెయ్యండి" అని ఒక్క లైన్.

విడిగా చెప్పేటప్పుడు మాత్రం హేలో ఎత్తకు, సేల్స్ ఎత్తకు, "కానీ నువ్వూ మీ అక్కకి చెప్పేశావ్ కదా" అని అస్సలు ఎత్తకు. ఉద్యోగం సంగతి కూడా అదే ఫోన్‌లో ఎత్తకు. డబ్బులేమైనా కావాలా అని సారీతో కలిపి అడిగావంటే ఆ సారీ జాలిగా మారిపోతుంది, ఆ వయసువాడు జాలిని తట్టుకోలేడు. అది అతను చెప్పినప్పుడు విను. వీలుంటే ఒక శనివారం బెంగళూరు వెళ్ళు, లేదంటే ఫోన్ చాలు, ఎత్తకపోతే వాయిస్ మెసేజ్ పెట్టి వదిలెయ్, రోజుకి పదిసార్లు చెయ్యకు. వెంటనే కరగకపోవచ్చు. కరగకపోతే అది అతని హక్కు.

ఇంకోటి. నాలుగు పేజీల్లో మీరు దేని గురించి కొట్టుకున్నారో అన్నీ ఉన్నాయి, కలిసి ఆడింది మాత్రం ఒక్క చోట కూడా లేదు. నాలుగేళ్ళు! నువ్వు కొన్న ఫోర్జాకి క్రాస్‌ప్లే ఉంది, నీ పీఎస్5 నుంచి నువ్వు, సిరీస్ ఎస్ నుంచి అతను, ఒకే రోడ్డు మీద కార్లు తోలుకోవచ్చు. అతని గేమర్‌ట్యాగ్ (ఎక్స్‌బాక్స్‌లో పెట్టుకునే పేరు) నీకు తెలుసా అసలు? సారీ చెప్పి ఓ పది రోజులాగి, నీకు గేమ్‌లో ఏదైనా అర్థం కాకపోతే అడుగు, ఫోర్జా గేముల్లో అతను నీకంటే పాతకాపు. చెప్పడం మొదలెడితే ఆపడు, ఇలాంటివాళ్ళు నాకు తెలుసు, నేనూ అలాంటివాణ్ణే.

అతను సంక్రాంతికి వస్తానంటే నువ్వు పీఎస్5 మోసుకెళ్ళకు, సిరీస్ ఎస్ తెమ్మని అతనికే చెప్పు. నువ్వు ఎక్స్‌బాక్స్ కంట్రోలర్ ఒకటి కొనుక్కెళ్ళు, భోగి నాడు మధ్యాహ్నం ఆ హాల్లో టీవీకి పెట్టుకుని ఆడుకోండి. కంట్రోలర్ బిల్లు మాత్రం ఈసారి ముందే మీ ఆవిడకి చూపించు.